గుడి మూసేశారన్న తెలుగాయన

మా ఆయనకు సెలవు దొరకదని తేలిపోయాక, బ్యాంకాక్‌కు నాకు తోడుగా అత్తమ్మ బయలుదేరింది. శుక్రవారం సాయంత్రం గచ్చిబౌలిలో ఎయిర్‌పోర్ట్ బస్సెక్కాం. ముందు సీట్లో ఉన్నాయన మా మాటలు విని వెనక్కి తిరిగాడు.

"అక్కడ ఎవరైనా తెలుగులో పలకరిస్తే కరిగిపోకండి. నన్ను ముంచింది మనవాడేనండి."

తెల్లారేసరికి బ్యాంకాక్‌లో దిగాం. నది దగ్గర చిన్న హోటల్లో సామాను పెట్టి, అత్తమ్మ తెచ్చిన పులిహోర తిని, పడవలో గుడికి వెళ్లాం. రేవు దాటగానే ఒకాయన ఎదురొచ్చాడు.

"తెలుగువాళ్ళా అమ్మా? మాది కరీంనగర్. ఇవాళ గుడి మూసేశారు. మన ఆటో ఉంది, ఊరంతా చూపిస్తా. దారిలో రంగురాళ్ల దుకాణం కూడా చూద్దురు."

తెలుగు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆటో వైపు రెండడుగులు వేశాను కూడా. అత్తమ్మ చెయ్యి పట్టి ఆపింది.

"జర ఆగు బిడ్డా. మూస్తే గింతమంది ఎటు పోతున్నరు?"

అత్తమ్మ నేరుగా గేటు దగ్గర కాపలా ఆయన ముందు నిలబడి, చేతులు జోడించి లోపలికి చూపించింది. అతను నవ్వి టికెట్ల కిటికీ చూపించాడు. గుడి తెరిచే ఉంది.

వెనక్కి చూస్తే కరీంనగర్ ఆయన ఇంకో తెలుగు కుర్ర జంటను ఆటో ఎక్కిస్తున్నాడు. అత్తమ్మ పరుగున వెళ్లింది.

"ఎక్కకుండ్రి బిడ్డా! గుడి తెరిచే ఉంది!"

ఆ అమ్మాయి బ్యాగు గుండెకు హత్తుకుంది. "మాకేం వద్దండీ, మేమేమీ కొనం!"

మమ్మల్నే మోసగాళ్లనుకుంది! నాకు తల కొట్టేసినట్టయింది. అత్తమ్మ మాత్రం తగ్గలేదు.

"నన్ను నమ్మకు తల్లీ. గేటు కాడ ఆయన్ను అడుగు."

వాళ్లు దిగి అడగడానికి వెళ్లారు. ఈలోపు ఆటోతో సహా ఆయన మాయం.

లోపల బంగారు గోపురాల కింద ఆ జంటే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. మా గచ్చిబౌలి పక్కనే పుప్పాలగూడలో ఉంటారట. "క్షమించండమ్మా" అంటూ ఆ అబ్బాయి సిగ్గుపడ్డాడు. అత్తమ్మ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. మధ్యాహ్నం నలుగురం నది ఒడ్డున నూడుల్స్ తిన్నాం. సాయంత్రం దాకా కలిసే తిరిగాం.

సోమవారం శంషాబాద్‌లో దిగి, గచ్చిబౌలి బస్సెక్కాక మా ఆయన ఫోన్ చేశాడు. బ్యాంకాక్‌లో ఏం నచ్చిందమ్మా అని అత్తమ్మను అడిగాడు. పడవ ప్రయాణం గురించో, బంగారు గోపురాల గురించో చెబుతుందనుకున్నాను.

"కొడుకా, ఆడ ఒక పిల్ల నన్ను దొంగనుకున్నది!" అంది అత్తమ్మ, మురిసిపోతూ.