ఆరు ఇనప దిమ్మలు

మా పిన్ని దగ్గర బరువు విషయంలో ఎవరి అబద్ధమూ చెల్లదు. పారాగ్లైడర్లు, అంటే మనిషి తాళ్లకు వేలాడుతూ గాల్లో ఎగిరే గుడ్డ రెక్కలు, కుట్టే మా వర్క్‌షాపులో గుడ్డ కత్తిరించేదీ ఆవిడే, కొనడానికి వచ్చినవాళ్లను తూచేదీ ఆవిడే. ఒక్కరే ఎగిరే రెక్కకు సైజు మొత్తం బరువును బట్టి ఉంటుంది. మనిషి, సీటు, హెల్మెట్, బూట్లు, ఆ రెక్కతో సహా. బరువు ఎక్కువైతే రెక్క దురుసుగా పోతుంది. తక్కువైతే గాలి ఆడించినట్టల్లా ఆడి, కిందికి దిగనని మొరాయిస్తుంది.

మగవాళ్లంతా ఓ ఐదు కిలోలు మింగేసి చెబుతారు. "డెబ్బై ఐదేనా? పొట్ట ఇంట్లో పెట్టొచ్చారా అన్నయ్యా?" అంటూ పిన్ని వాళ్లను కాటా ఎక్కిస్తుంది.

ఇరవై ఏళ్లు అందరికీ రెక్కలు కోసిన ఈ మహాతల్లి, కిందటేడు తనే ఎగరడం నేర్చుకుంది. ఇప్పుడు సొంత రెక్క కావాలి. కొత్తవాళ్లదీ కాదు, పందేలవాళ్లదీ కాదు, ఆ మధ్యది. మా డిజైనర్ గీసిన కొత్త మోడల్ అచ్చం అలాంటిదే. కానీ అందులో అతి చిన్న సైజు అరవై ఐదు కిలోల నుంచి మొదలు. పిన్ని సామానంతా తగిలించుకున్నా అరవై దాటదు.

"ఇంకాస్త చిన్నది గీయొచ్చుగా?" అని నేనే అడిగాను.

"ఉన్నదాన్ని కుదిస్తే సరిపోదమ్మా. చిన్న రెక్క చిటికెలో తిరిగేస్తుంది. తాళ్ల దగ్గర్నుంచి అన్నీ మళ్లీ లెక్కేయాలి. ఒక్కరి కోసం ఎవరు చేస్తారు?" అన్నాడు డిజైనర్.

పిన్ని విననట్టే కత్తెర ఆడించింది. నాకైతే ఒళ్లు మండింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ సామానంతా కట్టుకుని కాటా ఎక్కింది. అరవై ఆరు!

"రాత్రికి రాత్రే ఏం తిన్నావు పిన్నీ?" అన్నాను.

డిజైనర్ కాటా చూశాడు, కోత బల్ల చూశాడు. గుడ్డ కదలకుండా పెట్టే కిలో దిమ్మలు ఆరూ మాయం. "అక్కా, జేబుల్లో ఏమున్నాయి?" అన్నాడు.

పిన్ని తలెత్తలేదు. దిమ్మలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. "ఎగరాలనుంది తమ్ముడూ, అంతే," అంది. ఆ గొంతు విని నా ప్రాణం ఉసూరుమంది.

డిజైనర్ నవ్వలేదు. "ఇరవై ఏళ్లు నేను గీసిందల్లా మీరు కోశారు. ఈసారి మీ బరువుకి నేను గీస్తా," అన్నాడు.

పరీక్షల్లో రెండు రెక్కలు పనికిరాలేదు. మూడోది నిలబడింది. దాన్ని పిన్నే కోసింది, ఆ దిమ్మలే గుడ్డను పట్టుకున్నాయి.

కొండ మీద రెక్క పరిచాక, పిన్ని రెండు జేబులూ బయటికి లాగి చూపించింది. "చూసుకో తమ్ముడూ, ఏమీ లేవు!"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆవిడ మాత్రం ఆ ఖాళీ జేబులు అలా వేలాడుతుండగానే పరుగెత్తి గాల్లోకి లేచింది.