రెండుసార్లు తడిసిన ఆకు

ఎండిన లేత తాటాకు మొవ్వ మీద నీళ్ళు పోస్తే ఒక వాసన వస్తుంది. పచ్చి కొబ్బరి వాసనకి దగ్గరగా ఉంటుంది, కాస్త పాత పుస్తకాల వాసన కూడా కలుస్తుంది. ఈ జూన్‌లో పెదబొడ్డేపల్లిలోని మా మేడ మీద గదిలో నీలం ప్లాస్టిక్ టబ్బులో ఆకు నానబెట్టగానే ఆ వాసన వచ్చింది, వరహాలమ్మగారు గుర్తొచ్చారు. ఆవిడ పోయి మూడేళ్ళయింది. నేను ఫొటోలకి దండలేసే రకం కాదు, అసలు ఆవిడ ఫొటో ఒక్కటీ నా దగ్గర లేదు. అయితే నేనిప్పుడు పిల్లలకి చేతిపనులు నేర్పి బతుకుతున్నాను. ఆ నేర్పడం ఎలాగో తెలిసింది ఆవిడ పక్కన కూర్చున్నప్పుడే. ఆవిణ్ణి ఎరగనివాళ్ళకి ఆవిడ గురించి చెప్పాలంటే ఒక బుట్ట సంగతి చెప్పాలి. ఆ బుట్ట కథలో నా పాత్ర ఏమంత గొప్పది కాదు.

నర్సీపట్నంలో పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లోనే చదివించే కుటుంబాలు అప్పట్లో నాలుగే. ఊరంతా వాళ్ళని వింతగా చూసేది. "డబ్బుండి కూడా బడికి పంపరట, ఇదేం పిచ్చండీ బాబూ!" అని కిరాణా కొట్టు దగ్గర నా ముందే అన్నవాళ్ళున్నారు. ఆ నాలుగు ఇళ్ళ పిల్లలు తొమ్మిదిమంది. లెక్కలూ తెలుగూ ఎవరింట్లో వాళ్ళు చెప్పుకునేవారు. బొమ్మలకీ చేతిపనులకీ మాత్రం వారానికి మూడు పొద్దుటిపూటలు సుజాతగారింటి మేడ మీద కలిసేవారు. ఆ తల్లులందరిలోకీ చురుకైనావిడ సుజాతగారు. డ్రాయింగ్ డిప్లొమా పట్టుకుని ఉద్యోగం కోసం తిరుగుతున్న నన్ను పిలిచి, పిల్లల్ని అప్పగించింది ఆవిడే. నేను పొంగిపోయాను. తీరా మొదటిరోజు వెళ్ళేసరికి గది మధ్యలో చాప మీద, బలిఘట్టం నుంచి తాటాకు మోపు నెత్తిన పెట్టుకుని వచ్చిన అరవయ్యేళ్ళ ముసలావిడ ఒకరు కూర్చుని ఉన్నారు. "ఈవిడ వరహాలమ్మగారు. అల్లిక ఈవిడ నేర్పుతారు, మీరు పక్కనుండి చూసుకోండి," అన్నారు సుజాతగారు. సంతకం కూడా రాని మనిషికి నేను అసిస్టెంటునన్నమాట! ఆ రోజు ఇంటికెళ్ళి మా అమ్మ మీద అన్నం కంచం విసిరినంత పని చేశాను.

వరహాలమ్మగారి పద్ధతి నాకు మొదట అర్థం కాలేదు. పిల్లల చేతిలోని పనిని ఆవిడ ముట్టుకునేవారు కాదు. పాయ ఊడిపోయిందనీ, సరిచెయ్యమనీ వాళ్ళు ఏడ్చి మొత్తుకున్నా సరే. "నాది సూడు, నీది సెయ్యి," అనేవారు, అంతే. కొన్నాళ్ళకి ఇంకో విషయం గమనించాను. ఎవరైనా తప్పు అల్లితే, అదే తప్పు ఆవిడ కూడా తన బుట్టలో అల్లేవారు, కావాలనే. ఒకటి పైకీ ఒకటి కిందికీ పోవాల్సిన చోట రెండు దాటించేసి, ఏమీ ఎరగనట్టు నాలుగు వరసలు అల్లుకుపోయి, అప్పుడు "అయ్యో! నాదేటిలగ వొంకరైపోనాది? సూడండర్రా బేగి!" అని గొల్లుమనేవారు. పిల్లలు పోటీలు పడి ఆవిడ తప్పు వెతికేవారు. దొరగ్గానే ఒక పిల్ల, ఆవిడ మాటలో గుంట, నెమ్మదిగా తన బుట్ట వైపు చూసుకునేది. ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆ గుంటే విప్పుకుని మళ్ళీ అల్లుకునేది.

"ఇంత నాటకం ఎందుకండీ? ఇక్కడ తప్పు అని వేలు పెట్టి చూపిస్తే ఒక్క నిమిషంలో అయిపోతుంది కదా," అన్నాను ఒకసారి.

"నీకు బేగి అయిపోవాలేటి మేస్టారూ?" అన్నారావిడ, పళ్ళతో ఈనె లాగుతూ. "గుంటకి అలగ కాదు. దానికది దొరకాల."

నాకు చిరాకేసింది. నేను చదువుకున్నవాణ్ణి, నాకు పద్ధతులు తెలుసు. ఆవిడకి కబుర్లు తెలుసు, అనుకున్నాను.

ఆ తొమ్మిదిమందిలో భవ్య అని ఒక పిల్ల ఉండేది. తొమ్మిదేళ్ళు. బడికి వెళ్ళే రోజుల్లో పొద్దున్నే బస్సు హారన్ వినపడితే చాలు వాంతి చేసుకునేదట. డాక్టర్లకి చూపించారు, మొక్కులు మొక్కారు, చివరికి వాళ్ళమ్మ బడి మాన్పించింది. నాన్న సత్తిబాబుగారిది జీడిపప్పు వ్యాపారం. మనిషి మంచివాడే, మాట మాత్రం ఒకటే. "ఒక్క ఏడాది చూస్తాను. ఉగాది తర్వాత మీరేదో ప్రదర్శన పెడతారట కదా, అక్కడ దీనికి ఏమొచ్చిందో నా కళ్ళతో చూస్తాను. ఏమీ రాకపోతే విశాఖలో హాస్టల్లో చేర్చేస్తాను," అని భార్యతో చెప్పేశారు. ఆ సంగతి మా అందరికీ తెలుసు, భవ్యకి కూడా. మేడ మీదికి వచ్చిన కొత్తలో ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆకు చేతికొచ్చాక వాగుడుకాయ అయింది. వాంతుల మాటే లేదు. అల్లిక కూడా బాగానే వచ్చింది గానీ ఒక్క లోపం ఉండిపోయింది. బుట్ట అడుగు అయిపోయి గోడ లేపేటప్పుడు, మూల తిప్పేచోట రెండు పాయలు కలిపి పట్టేసేది. దాంతో బుట్ట కునికిపాట్లు పడుతున్న మనిషిలా ఒక పక్కకి ఒరిగేది. వరహాలమ్మగారు ఎన్నిసార్లు తన బుట్టని వంకర చేసుకున్నారో లెక్కలేదు. ఆ మూల మాత్రం భవ్యకి దొరకలేదు. "దొరుకుతాదిలే," అనేవారావిడ. ఉగాది దగ్గరకొచ్చేస్తోంది, ఇంకెప్పుడు దొరుకుతుంది అని నేను కొట్టుకుపోతున్నాను.

ప్రదర్శనకి ముందు రోజు మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళారు. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. భవ్య బుట్ట బల్ల మీద ఒరిగి కూర్చుంది. దాన్ని చూస్తే నా మనసు పీకింది. ఆ పిల్ల మీద జాలితోనే ఆ పని చేశానని చెప్పుకోవచ్చు, అందులో కొంత నిజం కూడా ఉంది. కానీ మేస్టారు బాగా నేర్పాడని సత్తిబాబుగారు అనాలన్న ఆశ కూడా ఉంది, అది దాచను. మూల విప్పాను. ఎండిన పాయలు చిట్లకుండా తడిపాను, ఒక్కొక్కటీ సరిచేసి అల్లాను. గంట పట్టింది. బుట్ట నిటారుగా నిలబడింది. వంక పెట్టడానికి ఎక్కడా ఏమీ లేదు.

భోజనం చేసి వచ్చిన వరహాలమ్మగారు బల్ల మీదున్నవన్నీ చూసుకుంటూ వచ్చి, ఆ బుట్ట దగ్గర ఆగారు. మూల మీద బొటనవేలితో రాశారు. ఒకసారి తడిసి ఆరిన ఆకు వేరు, రెండుసార్లు తడిసింది వేరు. రెండోసారికి మెరుపు పోయి కొంచెం నల్లబడుతుంది. అది నాకు అప్పటికి తెలీదు.

"ఈ ఆకు రెండుసార్లు తడిసినాది," అన్నారు.

నేను బల్ల మీది ఆకుముక్కలు ఏరసాగాను.

"ఆ గుంటకి సెప్పేవా?"

"చెప్తానండీ," అన్నాను. చెప్పలేదు. పొద్దున్నే చెప్దామనుకున్నాను, పొద్దున్న కుర్చీలు సర్దడంలో పడిపోయాను. నిజానికి కుర్చీలు సర్దడానికి ఇద్దరు మనుషులు వేరే ఉన్నారు.

ప్రదర్శన రోజు భవ్య కొత్త పరికిణీ కట్టుకుని వచ్చింది. తిన్నగా బల్ల దగ్గరకెళ్ళి తన బుట్టని చూసింది. దాన్ని తిప్పి మూల చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేను గోడ మీద బొమ్మ సరిచేస్తున్నట్టు అటు తిరిగిపోయాను. అంతలోనే సత్తిబాబుగారు వచ్చారు. ఆయన బుట్టని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఇది నువ్వే అల్లేవేటమ్మా?" అన్నారు. ఆ ముఖంలో సంతోషం ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. ఆయనకి అనుమానం ఇసుమంత కూడా లేదు. "అయితే నా ముందర ఒకటి అల్లు. వీడియో తీసి మీ మామ్మకి పంపిద్దాం," అని ఫోన్ తీశారు. అంతా ఆ ముచ్చటవల్లే వచ్చింది.

భవ్య చాప మీద కూర్చుంది. పక్కన వరహాలమ్మగారు కూర్చుని తనూ ఒకటి మొదలుపెట్టారు. అడుగు చక్కగా వచ్చింది. మూల దగ్గర పిల్ల రెండు పాయలు కలిపి పట్టుకుంది. పక్కన ఆవిడ కూడా రెండూ కలిపి పట్టుకున్నారు. రెండు బుట్టలూ ఒకే పక్కకి ఒరిగాయి. "అయ్యో, నాదేటిలగైపోనాది?" అని ఆవిడ అన్నారు గానీ ఆ రోజు వెతకడానికి ఏ పిల్లా ముందుకు రాలేదు. సత్తిబాబుగారు ఫోన్ కిందికి దించారు.

"మరి అదెవరు చేసేరు?"

"నేనే నాన్నా."

"నిజం చెప్పు. నేనేమీ అనను."

"నేనే," అంది భవ్య.

నేను అయిదడుగుల దూరంలో ఉన్నాను. ఒక్క మాట చాలు. "నేనండీ, నేను సరిచేశాను" అంటే అయిపోయేది. అనలేదు. సుజాతగారితో కలిపి నలుగురు తల్లులూ, వాళ్ళ బంధువులూ అందరూ ఉన్నారు. వరహాలమ్మగారు తలెత్తి నా వైపు ఒక్కసారి చూసి మళ్ళీ దించుకున్నారు. "చదువు రాకపోతే పోనీ అనుకున్నాను. అబద్ధాలు నేర్చుకుంటాదని అనుకోలేదండీ," అన్నారు సత్తిబాబుగారు సుజాతగారితో, నెమ్మదిగానే. పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయారు.

అందరూ వెళ్ళాక నేను వరహాలమ్మగారి మీద విరుచుకుపడ్డాను. సిగ్గులేని పనే, కానీ అదే చేశాను. "మీకు తెలుసు కదా! మీరైనా చెప్పుండొచ్చు కదా!"

ఆవిడకి కోపం రాలేదు. మిగిలిన ఆకుని మోపు కడుతూ, "నాను సెప్తే నువ్వు తప్పించుకుంటావు మేస్టారూ. పద, ఆలింటికెల్దాం," అన్నారు.

షేర్ ఆటోలో వెళ్ళాం. సత్తిబాబుగారు మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇప్పించారు. నేను ఉన్నదంతా చెప్పేశాను, జాలి సంగతీ పేరు కోసం పడ్డ ఆశ సంగతీ కూడా. ఆయన శ్రద్ధగా విన్నారు. "వచ్చి చెప్పేరు, సంతోషమండీ," అన్నారు. "అయితే నా కళ్ళలోకి చూసి రెండుసార్లు అబద్ధం చెప్పింది కదా. ఎవరి కోసం చెప్తే ఏటి? ఇంట్లో ఉంచి నేను పాడు చేసుకోలేను." వాళ్ళావిడ తలుపు వెనక ఏడుస్తోంది. ఆయన మాట మారలేదు.

బయటికొస్తుంటే భవ్య అరుగు మీద కూర్చుని ఉంది. "నేనే అని ఎందుకన్నావమ్మా? నేను చేశానని నీకు తెలుసు కదా," అన్నాను.

"మీరు చెప్తారనుకున్నాను సార్," అంది. "మీరు చెప్పలేదు కదా. మీకు భయమేస్తోందేమో అనుకున్నాను."

జూన్‌లో ఆ పిల్ల హాస్టల్‌కి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకి వాళ్ళమ్మ సుజాతగారికి ఫోన్ చేసిందట. మొదట్లో రోజూ వాంతులయ్యేవట, తర్వాత అలవాటు పడిపోయిందట. నేను క్షమాపణ ఉత్తరం రాసి పంపాను. జవాబు రాలేదు. రావాలని అడిగే హక్కూ నాకు లేదు.

ప్రదర్శన రోజు సాయంత్రం సత్తిబాబుగారింటి నుంచి వచ్చి, ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర బలిఘట్టం ఆటో కోసం నిలబడ్డప్పుడు వరహాలమ్మగారు చెప్పిన మాట ఒకటుంది. నేను పని మానేస్తానన్నాను. "మానీసి ఏటి సేత్తావు?" అన్నారు. "కొత్త గుంటలొత్తారు. మొదటిరోజే ఆలకిది సెప్పు. పెద్దోలకి సెప్పకు, ఆలు నిన్ను ఓదారిసేత్తారు. గుంటలకి సెప్పు."

ఆవిడ అన్నది నిజం. తర్వాత ఒకరిద్దరు పెద్దవాళ్ళకి చెప్పి చూశాను. "పోనీలెండి, మంచికే చేశారు కదా," అన్నారు. మనసు తేలికపడింది, ఆ తేలికదనం చూసి నాకే అసహ్యం వేసింది. అప్పట్నుంచి పిల్లలకే చెబుతున్నాను. వరహాలమ్మగారు ఉన్నన్నాళ్ళూ పక్కన కూర్చుని ఆకు చీలుస్తూ వినేవారు. ఎక్కడైనా నేను కాస్త మెత్తగా చెప్పబోతే దగ్గేవారు.

ఇప్పుడు మా మేడ మీదికి పద్నాలుగుమంది వస్తున్నారు. మొన్న మొదటిరోజు, అడుగు అల్లడం చూపించి, పిల్లల మధ్య పీట వేసుకుని కూర్చుని ఈ కథ చెప్పాను. మాకవరపాలెం నుంచి కొత్తగా వచ్చిన ఏడేళ్ళ పిల్ల ఒకతి చివరిదాకా కన్నార్పకుండా విని, "ఆ అక్కని కొట్టారా సార్?" అని అడిగింది. కొట్టలేదన్నాను. "మరి మీరెందుకు చెప్పలేదు?" అంది. భయమేసిందన్నాను. ఇన్నేళ్ళలో ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు. ఆ పిల్ల కాసేపు నన్ను పరీక్షగా చూసింది. తర్వాత మా ఇద్దరి మధ్యా ఉన్న తన సగం అల్లిన చాపముక్కని రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తి, నాకు అందకుండా తనకి అటుపక్కన పెట్టుకుంది. నేను పీట వెనక్కి జరుపుకున్నాను.