నవాబు వద్దన్న పచ్చ చీర

అత్తగారి ముఖం సూటిగా చూడలేని అల్లుళ్లు లోకంలో చాలామందే ఉంటారు. ఒక పిల్లి పుణ్యమా అని ఆ గతి పట్టినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. నంద్యాలలో బయల్దేరిన నా పరువు ఆళ్లగడ్డలో ఎలా మునిగిందో చెబుతాను, వినండి.

పెళ్లయిన రెండో ఏడు సుభద్ర తొలికాన్పుకు ఆళ్లగడ్డ, పుట్టింటికి వెళ్లింది. నంద్యాల ఇంట్లో మిగిలింది నేనూ, నవాబూ. నవాబంటే మా పిల్లి. ఒకప్పుడు నవాబులేలిన బనగానపల్లె నుంచి వచ్చిన మామిడిపళ్ల బుట్టలో పళ్లతోపాటు దిగాడు కాబట్టి సుభద్ర ఆ పేరు పెట్టింది. ఆమె ఒళ్లోనే పడుకునేవాడు. నన్ను మాత్రం అద్దె ఇవ్వని వాణ్ణి చూసినట్టు చూసేవాడు.

ఆమె వెళ్లిన మూడో వారంలో నాకు మంచి మొగుడనిపించుకోవాలని బుద్ధి పుట్టింది. పుట్టబోయే బిడ్డ కోసమని ఇంటికి సున్నం కొట్టించాను. మంచాలు అటూ ఇటూ జరిపాను. ఆమె వదిలి వెళ్లిన చీరలతో సహా కనబడిన గుడ్డనల్లా ఉతికి ఆరేశాను. నవాబు ఇదంతా చూసి బీరువా ఎక్కి కూర్చున్నాడు. రెండు చుక్కల పాలు నాకడం తప్ప ఏదీ ముట్టలేదు.

పశువుల డాక్టరు వాడి పొట్ట నొక్కి చూసి నన్ను తిట్టాడు.

"జబ్బేం లేదప్పా, బెంగ. ఆయమ్మ పాయె, ఆయమ్మ వాసన గూడా నువ్వే ఉతికేస్తివి. ఆమె కట్టి విడిచిన చీర, ఉతకనిది, ఒగటి తెచ్చి పరుచు."

"తేకపోతే?"

"ఇట్నే తినకుంటే దక్కదు."

రోజూ ఫోన్లో సుభద్ర మొదట అడిగేది వాణ్ణే. "నవాబు తింటాండాడా?" అంటుంది. "బ్రహ్మాండంగా తింటాండాడు" అంటాను. నెలలు నిండుతున్న మనిషికి నిజమెలా చెప్పను?

ఆదివారం ఆళ్లగడ్డ బస్సెక్కాను. సుభద్ర లోపల నిద్రపోతోంది. మామ వాకిట్లో విగ్రహం చెక్కుతున్నాడు. నేను అత్త దగ్గరికి పోయి గొంతు తగ్గించాను.

"అత్తా, సుభద్ర చీర ఒగటి గావల్ల."

"దేనికి అల్లుడా?"

"ఊరికే."

అత్త నన్ను ఎగాదిగా చూసి, ఇస్త్రీ మడత నలగని పట్టుచీర తెచ్చింది.

"ఇది కాదత్తా. పాతది. కట్టి విడిచింది..."

వాకిట్లో ఉలి చప్పుడు ఆగిపోయింది. మామ దగ్గాడు. పిల్లికి ప్రాణసంకటం, అల్లుడికి మానసంకటం! "ఏం లేదులే అత్తా" అని పెరట్లోకి పారిపోయాను. అక్కడ బండ మీద ఉతకాల్సిన గుడ్డల కుప్ప. పైనే నీలం అంచు పచ్చ చీర. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఆ పిల్లి కోసం నేనూ కళ్లు మూసుకునే దాన్ని సంచిలో కుక్కాను.

ఇంటికొచ్చి పరిచాను. నవాబు దిగాడు, వాసన చూశాడు, తుమ్మాడు, మళ్లీ బీరువా ఎక్కాడు.

"విశ్వాసం లేనోడా! నెలకే మర్చిపోయినావా ఆమెను?" అని అరిచాను.

అంత కష్టపడి దొంగిలించిన చీరను పారేస్తామా? నా దిండు మీద వేసుకున్నాను. పసుపు, తిరగమాత, కాస్త చెమట. ఆహా, నా సుభద్రే! నవ్వకండి. ఖాళీ ఇంట్లో నాలుగు రాత్రులు ఆ చీరలో ముఖం పెట్టుకుని నా గోడంతా చెప్పుకున్నాను. ఒక రాత్రి కన్నీళ్లు కూడా తుడుచుకున్నాను.

అయిదో పొద్దున సుభద్ర వీడియో కాల్ చేసింది. భుజం మీది చీర తీయడం మరిచి ఎత్తాను.

"ఏందీ, అది మాయమ్మ చీర గదా! నీకు యాడిది?"

వెనకనుంచి అత్త కేక: "దొరికెనా! ఆవు మింగిందేమోనని నాలుగు దినాలనుంచి దాని పేడ ఎదకతాండా గదమ్మా!"

ఇంక దాచేదేముంది? బీరువా, డాక్టరు, దిండు, అన్నీ చెప్పేశాను. అత్త ఎప్పుడో అక్కణ్ణుంచి మాయమైంది. సుభద్ర నవ్వి నవ్వి ఆగింది. కళ్లు తుడుచుకుంది.

"మరి నువ్వు తింటాండావా?"

నెల రోజుల్లో ఆ మాట నన్ను అడిగినవాళ్లు లేరు.

"నువ్వు లేక నాకూ ముద్ద దిగల్యా" అన్నాను.

ఆ మధ్యాహ్నమే ఆళ్లగడ్డలో ఉన్నాను, తల నేలకేసి. అత్త గుమ్మంలోనే రెండు గుడ్డ సంచులు చేతిలో పెట్టింది.

"రెండూ నా కూతురివే. ఇది పిల్లికి. ఇది నీకు."

మామ విగ్రహం మీంచి తలెత్తలేదు గానీ, భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

ఇంటికొచ్చి పరిస్తే నవాబు తన చీర మీద గుండ్రంగా చుట్టుకుని సాయంత్రానికి గిన్నెడు పాలన్నం తిన్నాడు. పక్కనే కూర్చుని నేనూ తిన్నాను.

అందుకే ఆళ్లగడ్డ రాతి విగ్రహాలన్నిటి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: నవాబు వాసన చూసి ఔననందే ఈ జన్మలో ఏ చీరకూ ముఖం ఆనించను. ఆ కాన్పులో పుట్టిన పాపకు ఇప్పుడు బడి వేసవి సెలవులు. సుభద్రా పాపా ఆళ్లగడ్డ వెళ్లి వారమైంది. ఈసారి నేనేమీ ఉతకలేదు. ముసలి నవాబు నా దిండు మీది చీరను ఇందాకే వాసన చూసి, దాని మీదే నిద్రపోయాడు. నాకు చోటివ్వలేదు.