రోలూ, నేనూ, ఒక్క ట్యాంకు పెట్రోలు

“రోలన్నా ఎక్కల్ల, నువ్వన్నా ఎక్కల్ల. రెండూ ఎక్కితే బండికి మైలేజీ రాదత్తా,” అన్నాడు మా అల్లుడు.

“అయితే నువ్వు దిగు. నీ పొట్ట ఒక్కటే రోలంత ఉండాది,” అన్నాను నేను.

“నేను దిగితే దోవలో టైరు ఎవరు మారుస్తారు?”

“పోయిన తూరి పంచరైతే ఎవరు మార్చినారు? నువ్వు చెట్టు కింద కూర్చొని ఫోన్ చేసినావు. ఇంకెవరో వచ్చి మార్చి పోయినారు.”

“మాట మార్చొద్దత్తా. పెట్రోలు చుక్క గూడా ఊరికే పోగూడదని ఈ ఇంట్లో పొద్దస్తమానం చెప్పేది ఎవరు? నువ్వే గదా! ఇప్పుడు బండరాయి ఎత్తుకొని కోయంబత్తూరు పోదామంటాండావ్. ఇదేందీ, పొదుపేనా?”

“అది బండరాయి కాదురా. మా అమ్మ రోలు.”

“మా అవ్వ రోలు గూడా అదే. అయినా బరువు బరువే.”

అల్లుణ్ణి అత్త ఇలా అరే తురే అంటుందా అని ఎవరికైనా అనిపించవచ్చు. వాడు మా తమ్ముడి కొడుకు. నా ఒళ్లో పెరిగినవాడు. మా కూతురికి తాళి కట్టినంత మాత్రాన వాడికి ‘మీరు’ అని మర్యాద ఇవ్వడం నాకు రాలేదు, వాడికీ అక్కర్లేదు. అయితే ఆ రోజు వాడు నా పొదుపు మాటనే తీసుకొని నా మీదికి తిప్పాడు.

ఆ రోలు సంగతి చెప్పాలి. మా నాయన ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాడు. ఒక విగ్రహానికి తెచ్చిన నల్లరాయిలో మిగిలిన ముక్కతో మా అమ్మకు రుబ్బురోలు చేసి ఇచ్చాడు. అమ్మ పోయిన తర్వాత ఆ రోలు నాకు కావాలన్నాను, పెద్దదాన్ని కాబట్టి. చెల్లెలు తనకు కావాలంది, ఆఖరి రోజుల్లో అమ్మ పక్కన ఉన్నది తనే కాబట్టి. ఇద్దరం తగ్గలేదు. మరుసటి రోజు చెల్లెలు కోయంబత్తూరు పోతూ పోతూ రోట్లో తిప్పే పొత్రాన్ని గోనెసంచిలో చుట్టుకొని రైలెక్కేసింది. దాని మొగుడికి అక్కడ నూలు మిల్లులో పని. రోలు ఆళ్లగడ్డలో మా తమ్ముడి ఇంట్లో ఉండిపోయింది. రోలు లేని పొత్రంతో అదీ, పొత్రం లేని రోలుతో నేనూ ఏం చేసుకుంటాం? ముప్పై ఏళ్లకు పైగా ఇద్దరం మిషన్లోనే రుబ్బుకున్నాం.

పోయిన ఎండాకాలం చెల్లెలు స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఇక అది నంద్యాలలో మా ఇంటికి రాలేదు. ఒకరోజు ఫోన్లో, “అక్కా, రోలు నువ్వే ఉంచుకో. పొత్రం నీకే పంపుతా. కానీ ఒక్క తూరి అమ్మ రోట్లో రుబ్బిన అలసంద వడలు తినల్లని ఉందే,” అంది. ముప్పై ఏళ్ల పంతం ఆ పిల్ల ఒక్క మాటతో వదిలేసింది. నాకు సిగ్గేసింది. “పొత్రం ఆడనే ఉండనీ. రోలు నేనే తెస్తా, నా చేత్తో,” అన్నాను.

పార్శిల్లో వేద్దామన్నారు ఇంట్లో. మా ఎదురింటివాళ్ల గ్రైండరు రాయి పార్శిల్లో రెండు ముక్కలై దిగడం నేను కళ్లారా చూశాను. రైల్లో మోసేవాళ్లు ఎవరు? మిగిలింది మా కూతురి కారు.

ఆ కారు మామూలుది కాదు, హైబ్రిడ్. ఒక ఇంజను, ఒక మోటారు. ఫోన్‌కు పెట్టినట్టు వైరు పెట్టి చార్జింగ్ చేసే పని లేదు. బ్రేకు వేసినప్పుడు, పల్లంలో కాలు తీసినప్పుడు ఊరికే పోయే ఊపునంతా వెనక్కి లాగి బ్యాటరీలో దాచుకుంటుంది. నెమ్మదిగా పోయేటప్పుడు ఇంజను ఆపేసి, ఆ దాచుకున్నదానితో నడుస్తుంది. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. ఇంజన్ల సంగతి నాకు తెలియదు. కానీ ఊరికే పోయేదాన్ని ఏరి దాచుకునే గుణం నాకు బాగా తెలుసు. ఈ ఇంట్లో నాలాంటిది ఇంకొకటి వచ్చిందని మొదటి రోజే అనుకున్నాను.

మా కూతురు లెక్కల టీచరు. మా ఇద్దరి కేకలు విని విని చివరికి తీర్పు చెప్పింది. “రేపు ఆళ్లగడ్డ పోదాం. తిరిగొచ్చేటప్పుడు రోలు వేసుకొని వద్దాం. లీటరుకు ఇరవై రెండు కిలోమీటర్లు చూపిస్తే ఎల్లుండి రోలు కోయంబత్తూరు వస్తాది. ఒక్క పాయింటు తగ్గినా పార్శిలే.” ఇరవై రెండు వస్తే ఒక్క ట్యాంకుతో అక్కడికి చేరి, తిరుగుదారిలో కూడా కొంత దూరం రావచ్చని దాని లెక్క.

“కోయంబత్తూరుకు ఆళ్లగడ్డ మీదనే గదా పోయేది. రోలు ఆ పొద్దే వేసుకుంటే పోదా?” అన్నాను.

“ఆ పొద్దు ఆళ్లగడ్డ రోడ్డు మీద మీరిద్దరూ పోట్లాడుకుంటా ఉంటే చూడ్డానికి నేను లీవు పెట్టలేదు మా,” అంది.

సరే అన్నాను. ఆ మధ్యాహ్నమే కారును మా ఇంటి ముందరికి తెప్పించాను. ముందరి గదిలో నా బియ్యం అంగడి, అంగట్లో కాటా. బస్తా మీద ఏం రాసి ఉన్నా కాటా మీద పెట్టి చూడనిది నేను నమ్మను. డిక్కీలో ఉన్నవన్నీ దించమన్నాను. అల్లుడి పాటల పెట్టె వచ్చింది, పసిపిల్ల పడుకునేంత ఉంది. రెండు పెద్ద నీళ్ల క్యాన్లు వచ్చాయి, నిండుగా. మిద్దె మీద గదికి పరిచినప్పుడు మిగిలిన టైల్సు అట్టపెట్టెతో సహా వచ్చాయి. ఆ గది కట్టి ఏడాది దాటింది.

“డిక్కీలో ఇల్లేమన్నా కడతాండావా?” అన్నాను.

“అవసరానికి పనికొస్తాయని పెట్టినా.”

“దోవలో టైల్సు అవసరం ఎవరికి పడతాదిరా?”

కారు పైన ఇనుప క్యారియరు కూడా విప్పించాను. అది బరువు ఒక్కటే కాదు, గాలిని అడ్డుకుంటుందని మా కూతురు చెప్పింది. స్టెప్నీ, జాకీ మాత్రం ముట్టుకోలేదు. మిగతావన్నీ కాటా ఎక్కాయి. డెబ్బై ఒక కిలో. సుద్దముక్కతో గోడ మీద రాసి పెట్టాను, అల్లుడు పోతూ వస్తూ చూసుకోవాలని.

పొద్దున్నే, ఎండ రాకముందే టైర్ల అంగడికి పోయాం. టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోవాలని నా అంగడికి బియ్యం తెచ్చే లారీ డ్రైవర్లు చెప్పగా విన్నాను. “ఎప్పుడూ కొట్టేదే కొట్టన్నా,” అని అల్లుడు టైర్లతనికి చెప్పాడు. డ్రైవరు తలుపు లోపలి అంచున ఒక కాగితం అతికించి ఉంది. ఇంగ్లీషు నాకు రాదు, బొమ్మలు వచ్చు.

“ఆగప్పా,” అన్నాను. “ఈడ ఒక బొమ్మలో మనుషులు తక్కువ ఉండారు. ఇంకో బొమ్మలో నిండా మనుషులు, పెట్టెలు ఉండాయి. రెండిటి కిందా అంకెలు వేరే ఉండాయే?”

టైర్లతను వంగి చూసి నవ్వాడు. “అవ్వ చెప్పేది నిజమేనన్నా. బరువుతో పోయేటప్పుడు ఎక్కువ గాలి కొట్టల్ల. ఈ కాగితం ఎవరూ చూడరు.”

“నాలుగేండ్లు కాలేజీలో చదివినోడు చూడలేదు, పాపం,” అన్నాను. అల్లుడు టీ తాగడానికి పోయాడు.

అక్కడిదాకా అంతా నాదే పైచేయి. ఇక నా తప్పు చెప్పాలి.

కొత్త సీటు మాయకూడదని పాత చీరలతో ఒక బొంత కుట్టి, వెనక సీటు నిండా పరిచాను. అది జారకుండా అంచులన్నీ కిందికి గట్టిగా దోపాను. మా ఇంట్లో ఏ కొత్త వస్తువు వచ్చినా మొదట దానికి ఒక గుడ్డ కప్పుతాం. అలా చేయడం నాకు తప్పని తోచలేదు.

నంద్యాల దాటాక ఇంజను ఆగడం మానేసింది. రోజూ ఆగి ఆగి నడిచే బండి ఆ రోజు ఒకటే రొద. నా కాళ్ల పక్క ఎక్కడో ఫ్యాను గిర్రుమని తిరుగుతోంది. ఆళ్లగడ్డలో మా తమ్ముడి ఇంటి ముందర ఆగేసరికి మీటరు పదిహేడు చూపించింది.

“రోలు ఎక్కకముందే పదిహేడు!” అన్నాడు అల్లుడు. వాడి ముఖం పెళ్లినాడు కూడా అంత వెలగలేదు. “పార్శిల్ ఆఫీసు ఈడనే ఉంది. తమాషాకు చెప్తాండా అనుకోవద్దు, ఇప్పుడే పోయి అడిగొస్తా.”

వాళ్లిద్దరూ బండిని ఆన్‌లోనే ఉంచి, దిగి లోపలికి పోయారు. నేను దిగబోతూ బొంత సర్దుకుంటే దాని అంచు చేతికి రాలేదు. ఎవరో అవతలి నుంచి పట్టి లాగుతున్నట్టుంది. గట్టిగా గుంజాను. సీటు కింది అంచున జల్లెడలాంటి చిన్న కిటికీ కనిపించింది. లోపలి ఫ్యాను ఆ కిటికీ గుండా గాలి పీలుస్తోంది, పీల్చి పీల్చి నా బొంతను అతికించుకుంది. జల్లెడ నిండా పాత చీర నూగు. చెయ్యి పెడితే వేడి తగిలింది. బ్యాటరీకి ఊపిరి అక్కడి నుంచేనని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అది వేడెక్కి పని మానేస్తే భారమంతా ఇంజను మీదే పడింది.

ఎవరూ చూడలేదు. బొంత మడిచి ఒళ్లో పెట్టుకొని ఊరుకుంటే సరిపోయేది. కాటా ముందర కూర్చొని ఇన్నేళ్లు అంగడి నడిపినదాన్ని, తూకంలో నా వేలు పెట్టి ఎదుటివాణ్ణి గెలవడం నాకు చేతకాదు. ఇద్దరినీ పిలిచాను.

“తప్పు నాదే. నా బొంత బ్యాటరీ ముక్కు మూసింది,” అన్నాను.

అల్లుడు జేబులో నుంచి ఫోన్ తీశాడు. “ఇంకోతూరి చెప్పత్తా, ఫోన్లో రికార్డు చేసుకుంటా,” అన్నాడు.

మా కూతురు నవ్వు ఆపుకొని, జల్లెడ మీది నూగును మెత్తటి కుంచెతో తీసింది. తలుపులన్నీ తెరిచి బండిని నీడలో చల్లారబెట్టింది. “ఎట్లాగూ పందెం తిరుగు దోవదే,” అని మీటరును సున్నాకు తిప్పింది.

మా తమ్ముడు కూడా నాయన పనే చేస్తాడు. రోలును చూడగానే, “యాభై కిలోలు దాటదక్కా,” అన్నాడు. పక్కనున్న ఇనుప సామాన్ల అంగట్లో కాటా మీద పెట్టించాను. నలభై ఎనిమిది. “గోడ మీద ఎంత రాసినానో గుర్తుందా?” అని అల్లుణ్ణి అడిగాను. వాడు ఆకాశం చూశాడు. డిక్కీలో గోనెసంచులు పరిచి, రోలును బోర్లించి, వెనక సీటుకు ఆనించి తాడుతో కట్టాం. బోర్లించిన రాయి దొర్లదని మా నాయన చిన్నప్పుడే నేర్పాడు.

తిరుగు దారిలో నేను కూతురి వెనక కూర్చున్నాను, బొంత లేకుండా. ఎవరికీ తొందర లేదు, డెబ్బై దాటొద్దన్నాను. దూరంగా బర్రెలు కనిపించినా, స్పీడ్ బ్రేకరు కనిపించినా, “కాలు తీ పాపా, కాలు తీ,” అంటూనే ఉన్నాను. చివరి నిమిషంలో గట్టిగా బ్రేకు తొక్కేకంటే ముందే కాలు తీస్తే బండి మెల్లగా ఆగుతూ ఎక్కువ దాచుకుంటుంది. కూతురు కాలు తీసినప్పుడల్లా మీటరు మీద పచ్చ బాణం వెనక్కి, బ్యాటరీ వైపు పారేది. ఇరవై. ఇరవై ఒకటి. సగం దారిలో ఇరవై రెండు దాటింది.

“ఊర్లోకి రానీ,” అన్నాడు అల్లుడు. “నంద్యాల బస్టాండు దగ్గర ట్రాఫిక్‌లో దిగిపోతాది చూడు.”

వాడి పాత బండికి అది నిజం. ఈ బండి సంగతి వేరు. బస్టాండు దగ్గర ఆటోల మధ్య ఇరుక్కున్నాం. ఇంజను ఆగిపోయింది. దాచుకున్నదాని మీద బండి చప్పుడు చేయకుండా జానెడు జానెడు కదిలింది. పక్క ఆటోలో పాట మాకు స్పష్టంగా వినిపించింది. మీటరు దిగలేదు, ఎక్కింది. మా ఇంటి ముందర ఆగేసరికి ఇరవై నాలుగు.

మా కూతురు వెనక్కి తిరిగి, “మా, రోలు గెలిచింది,” అంది.

“రోలు ఒక్కటే గెల్చిందా?” అన్నాను.

అల్లుడు దిగి, అంగట్లోకి పోయి, గోడ మీది డెబ్బై ఒకటిని తన తువ్వాలతో తుడిచేశాడు. నేను సుద్దముక్క తీసుకొని అదే చోట ఇరవై నాలుగు అని రాశాను, ఇంకా పెద్దగా. వాడు దాన్ని తుడవలేదు.

మరుసటి రోజు తెల్లవారుజామున బయలుదేరాం. అల్లుడు పాటల పెట్టెను గడప దాకా మోసుకొచ్చి, నా ముఖం చూసి, మళ్లీ లోపల పెట్టి వచ్చాడు. బొంతను నేనే మంచం మీద పరిచాను. అల్లుడు తనంతట తానే వంగి సీటు కింది జల్లెడను చూసి, “ఊపిరి ఆడతాందిలే అత్తా, ఎక్కు,” అన్నాడు. ఆళ్లగడ్డ దాటాక బాగా తెల్లారింది. చెల్లెలికి ఫోన్ చేశాను.

“రోలు వస్తాందా?” అంది అది.

“వస్తాంది.”

“నువ్వు?”

“నేను గూడా.”

“అయితే అలసందలు ఇప్పుడే నానేస్తా,” అని ఫోన్ పెట్టేసింది.