చూసిన గడి, విన్న గడి

ఆఫీసులో కరెంటు పోగానే యూపీఎస్ కుయ్‌కుయ్‌మంటుంది. పక్కసీట్ల వాళ్లు విసుక్కుంటారు. నాకు మాత్రం నౌపడ దగ్గర మేం చదువుకున్న హైస్కూలు కంప్యూటరు గది గుర్తుకొస్తుంది. అప్పుడప్పుడే అందరి చేతుల్లోకి స్మార్ట్‌ఫోన్లు వస్తున్న రోజులు. ఎనిమిది కంప్యూటర్లలో ఐదు పనిచేసేవి, ఒక్కోదాని ముందు నలుగురేసి పిల్లలం. నెట్టు పార్వతి టీచరు ఫోనులోంచి వచ్చేది. ఆవిడ మాకు సోషల్ చెప్పేవారు. బొబ్బిలి మనిషి. పొగడ్త ఆవిడ నోట నేనెన్నడూ వినలేదు.

ఏ విషయమైనా నాలుగు గళ్లలో రాయాలన్నది ఆవిడ పద్ధతి: చూసింది, విన్నది, అనుకుంటున్నది, తెలియనిది. ఆ ఏడాది బొబ్బిలిలో ఆవిడ స్నేహితురాలి తరగతీ మా తరగతీ కలిసి నెట్టులో ఒకే పట్టిక నింపాం. వాళ్లు వీణల తయారీ గురించి, మేం ఉప్పుమడుల గురించి. వాళ్లు అక్కడ టైపు చేస్తుంటే ఇక్కడ మా తెరమీద అక్షరాలు పడుతుండేవి. ఎండ ముదిరితే ఉప్పు తెల్లగా వస్తుందని మా తరగతి కృష్ణ 'చూసింది'లో రాశాడు.

"ఎన్నాళ్లు సూసావురా?" అన్నారు టీచరు.

"మా తాత సెప్పాడండి."

"అయితే పక్క గడిలోకి మార్సు."

ఆ ఫిబ్రవరిలో ఒక రాత్రి సముద్రపు పోటు నీరు మడుల్లోకొచ్చి, తెల్లారేసరికి తీయడానికి సిద్ధంగా ఉన్న ఉప్పంతా కరిగిపోయింది. తూము కాపలా మా వీధిలో ఉండే అప్పన్న మావది. "అప్పన్న తూము మూయలేదు, అంతా పోనాది" అన్నాడు మడుల్లో పనిచేసే మా నాన్న, అన్నం తింటూ. దాన్ని 'విన్నది'లో రాశాను. తీరా చూస్తే 'చూసింది'లో బొబ్బిలి పిల్లలవి పదకొండు వాక్యాలు, మావి ఆరు. నాకు ఉక్రోషం వచ్చింది. నాన్న చెబితే నేను చూసినట్టే కదా అనుకుని, ఆ వాక్యాన్ని 'చూసింది' గడిలోకి జరిపేశాను.

టీచరు ఆ పట్టికను అచ్చుతీయించి తల్లిదండ్రుల సమావేశం రోజున గోడకు అంటించారు. సమావేశానికి వచ్చిన మడుల యజమాని దాన్ని చదివాడు. "పిల్లలు కళ్లారా సూసి రాసారు, ఇంకేటి కావాలి?" అని అప్పన్న మావను పనిలోంచి తీసేశాడు. సాయంత్రం మావ భార్య మా గుమ్మంలోకొచ్చింది.

"ఏటే, మీ మావని తూము కాడ ఎప్పుడు సూసావే?"

నేను లోపలినుంచి కదల్లేదు.

మర్నాడు టీచరు కంప్యూటరులో ఆ పట్టిక పాత రూపాలు తెరిచారు. ఎవరు ఏ మాటను ఎప్పుడు మార్చారో అందులో కనబడుతుంది. నా వాక్యం ముందు ఎక్కడుందో, తర్వాత ఎక్కడికి పోయిందో చూపించారు.

"ఎందుకు మార్సావమ్మా?"

"మన గడి సిన్నదిగా ఉన్నాదండి."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. "నేనూ సదవకుండా అంటించీసాను. పద, ఇద్దరం ఎల్దాం" అన్నారు.

మడుల దగ్గర యజమాని ఉన్నాడు. పని అడగడానికి వచ్చి అప్పన్న మావ ఒక పక్కన నిలబడ్డాడు. కూలీలలో నాన్నా ఉన్నాడు. "నేను సూడలేదు బాబూ. మా అయ్య సెప్తే ఇన్నాను" అన్నాను. నాన్న మొహం చూడ్డానికి భయమేసింది. అందరి ముందూ ఆయన్ని ఇరికించేశాను. నాన్న తట్ట కింద పెట్టాడు.

"నేనూ సూడలేదు బాబూ. అందరూ అంటంటే అన్నాను."

యజమాని ఒక్కొక్కరినీ అడిగాడు. చూసినవాడు ఒక్కడూ లేడు. మావ మర్నాటినుంచి పనిలోకి వచ్చాడు. కానీ వీధిలో ఎదురైతే మునుపటిలా "ఏటే కోడలా" అని మాత్రం మళ్లీ పిలవలేదు. అది నాకు చాలా బాధగా ఉండేది.

టీచరు నా చేతనే ఆ వాక్యాన్ని వెనక్కి మార్పించారు. తెలియని గడిలో, తూము దగ్గర ఏం జరిగిందన్న ప్రశ్న చేర్పించారు. దానికి జవాబు ఎవరూ రాయలేదు. మరుసటి ఏడాది ఆవిడకు బదిలీ అయింది.

ఇప్పటికీ సెలవుకి ఇంటికి వెళ్తే నాన్న ఊళ్లో వాళ్ల సంగతులు చెబుతాడు. ఆయన మాట మీద నాకు నమ్మకం తగ్గలేదు. అయినా అడుగుతాను, "నువ్వు సూసావా అయ్యా?" అని. నాన్నకు కోపం రాదు. కాస్త ఆలోచించుకుని, "లేదమ్మా, ఇన్నాను" అంటాడు.