నాసిక్ దారిలో మా ఆఫీసు ఫోన్ కోసం

సంతోషం పట్టలేక రాస్తున్నాను. మొన్న శుక్రవారం భివండి నుంచి నాసిక్ వెళ్లి, తాతనై తిరిగొచ్చాను! మా బిడ్డ సుజాత, అల్లుడు రాజేశం దత్తత కోసం అక్కడి శిశుగృహంలో పేరు రాయించుకుని ఏళ్లు గడిచాయి. కాగితాల పని ముగిసింది. శుక్రవారం కమిటీ ఒప్పుకుంటే దరఖాస్తులో ఉన్న నెంబరుకే ఫోన్ చేస్తామన్నారు. ఒంటిగంటలోపు మా జవాబు అందకపోతే పాప వరుసలో ఉన్న తర్వాతి జంటకు వెళ్లిపోతుంది. ఆ నెంబరేమో భివండి నార్పోలిలోని మా సాంచాల, అంటే మరమగ్గాల, కార్ఖానాది. వాటి చప్పుడులో ఫోన్ మోగినా వినపడదని రాజేశం ఆఫీసు కంప్యూటర్‌లో ఒక ఏర్పాటు చేశాడు. కంప్యూటరే ఫోన్ ఎత్తుతుంది; ఎవరైనా మాట వదిలితే, అది ఈమెయిల్‌గా అతని మొబైల్‌కు వస్తుంది. ఆ ధైర్యంతోనే పిలుపు రాకముందే బయలుదేరాం.

తొమ్మిదిన్నరకు జీపు ఎక్కాం. రానూపోనూ కిరాయి పద్దెనిమిది వందలు. పడ్ఘాలో చాయ్ తాగుతూ రాజేశం ఒకసారి చూద్దామని ఆఫీసుకు ఫోన్ చేశాడు. మోగుతూనే ఉంది.

"మామా, కంప్యూటర్ ఎత్తుతలేదు. బంద్ ఉన్నట్టుంది."

కార్ఖానా తాళం చెవి ఉండేది నా బామ్మర్ది ఎల్లయ్య దగ్గర. అతనికి చేశాను.

"మెయిన్ స్విచ్ నేనే దించిన బావా. శుక్రవారం సాంచాలకు సుట్టి గదా! దూదికి నిప్పంటుకుంటె ఎవలు జవాబ్?"

"గిప్పుడు యాడున్నవ్‌రా?"

"గైబీ నగర్ల. మంగలి సగం గడ్డమే గీకిండు."

"సగం గడ్డంతోనే ఉరుకు! నీ మేనకోడలి బిడ్డ గా ఫోన్లనే ఉన్నది!"

శహాపూర్ దాటుతుండగా ఎల్లయ్య స్విచ్ వేశానన్నాడు. కానీ అంతకుముందే పిలుపు వచ్చిపోయి ఉంటే? కసారా ఘాట్ ఎక్కేసరికి సిగ్నల్ కూడా పోయింది. రాజేశం మొబైల్ తెర మీంచి సుజాత చూపు తిప్పడం లేదు.

"అక్కా, గట్ల చూస్తె టవర్ సిగ్గువడతది. జర కొండలు చూడు," అన్నాడు డ్రైవర్ శీను.

"నువ్వు రోడ్డు చూడు తమ్మీ!"

ఇగత్‌పురిలో పన్నెండున్నర దాటాక ఫోన్ కూసింది. ఈమెయిల్! అందులోని మాట ఫోన్‌లోకి దిగడానికి ఎంతసేపు పట్టిందో ఆ దేవుడికే తెలియాలి. చివరికి మరాఠీలో ఒకావిడ గొంతు: "రెండోసారి చేస్తున్నాం. కమిటీ ఒప్పుకుంది. ఒంటిగంటలోపు చెప్పండి." రాజేశం వెంటనే చేస్తే ఎంగేజ్. మళ్లీ ఎంగేజ్. సుజాత ఫోన్ లాక్కుని నొక్కుతూనే ఉంది. ఒంటిగంటకు కొంచెం ముందు లైన్ కలిసింది. మరాఠీ బడిలో చదివిన పిల్ల, మాట తడబడలేదు: "దారిలోనే ఉన్నాం మేడం. పాప మాదే, ఇంకెవరికీ ఇవ్వకండి."

"మెల్లగా రండి, నిద్రపోతోంది," అందావిడ. జీపులో అందరం ఏడ్చాం, శీనుతో సహా!

పాపను చుట్టడానికి మా మగ్గం మీద నేసిన కొత్త గుడ్డ గర్వంగా తీసుకెళ్లాను. అక్కడి ఆయా దాన్ని వేళ్లతో నలిపి, "కాకా, గంజి గరగరలాడుతోంది," అని పక్కన పెట్టింది. సుజాత తన పాత చున్నీ ఇచ్చింది. జీవితమంతా గుడ్డ నేసినవాణ్ని, పసిబిడ్డ ఒంటికి ఏది మెత్తనో ఆ రోజు తెలుసుకున్నాను. నన్ను చూసి ఎంత నవ్వినా సరే, మనవరాలు నా ఒడిలో ఉంది! ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లు బాగా ఉతికి వాడిన నూలు గుడ్డ ఒకటి వెంట పెట్టుకోండి.