వదినను పిలవడానికి ఒక కార్డు: గుడివాడ నుంచి పాలకాయతిప్ప దాకా

పెర్త్‌లో మేముండే చోట ఒకే ఆఫీసులో పదేళ్ళు ఓపిగ్గా కూర్చుంటే రెండు నెలల పెద్ద సెలవు ఇస్తారు. నాకు ఆ సెలవు రాగానే తోటివాళ్ళంతా యూరప్ చూసి రమ్మన్నారు. నేను గుడివాడ వచ్చాను. ఫిబ్రవరిలో మావారికి అరవై నిండుతున్నాయి, షష్టిపూర్తి ఇక్కడే చేసుకోవాలని మా ఇద్దరి కోరిక. పైగా నాకు చేత్తో గ్రీటింగ్ కార్డులు చేసే పిచ్చి ఒకటుంది. అక్కడి లైబ్రరీలో ప్రతి గురువారం పదిమంది ఆడవాళ్ళం చేరి కత్తెరలు, జిగురు సీసాలు ముందేసుకుని కూర్చుంటాం. "ఈసారి మీ ఊరి వస్తువులతో చేసిన కార్డులు తీసుకురా" అని వాళ్ళు మరీ మరీ చెప్పి పంపారు. అందుకే నా సూట్‌కేసులో చీరల కంటే కాగితాలే ఎక్కువున్నాయి.

ఈ ప్రయాణానికి అసలు కారణం మాత్రం మా వదిన. వదిన అంటే మావారి అక్క, ఆయనకున్న ఒకే ఒక్క తోబుట్టువు. నాగాయలంక దగ్గర పల్లెలో ఉంటుంది. మూడేళ్ళ క్రితం గుడివాడలో ఫ్లాటు కొని గృహప్రవేశం పెట్టుకున్నప్పుడు నేను డెబ్భై కార్డులు నా చేత్తో చేశాను. ఒక్కో కార్డుకి రెండేసి గంటలు పట్టింది. రంగు కాగితాలు చుట్టి మామిడి తోరణాలు, అరటి గెలలు, గుమ్మం, గుమ్మం ముందు ముగ్గు కూడా పెట్టాను. అన్నీ కొరియర్‌లో పంపాను. ఊరంతా మెచ్చుకున్నారు, వదిన తప్ప. మా వైపు ఆడపడుచుని పిలవాలంటే ఇంటికి వెళ్ళి, బొట్టు పెట్టి, నోరారా పిలవాలి. ఆ సంగతి నాకు తెలియక కాదు. సెలవు లేదు, టైం లేదు, కార్డు బాగుంది కదా అనుకున్నాను. "నన్ను పిలిచింది కొరియర్ అతను. అతని గృహప్రవేశానికైతే తప్పకుండా వస్తానని చెప్పు" అని వదిన ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత మూడేళ్ళు మాటల్లేవు.

షష్టిపూర్తి ఆదివారం. మంగళవారం పొద్దున మేము బయల్దేరాం. "వస్తే వస్తుంది, లేకపోతే లేదు, నాకేం?" అని మావారు ముందురోజు ఓ ఏడెనిమిది సార్లు అన్నారు. నాకేమో పట్టుదల వచ్చింది. కార్డు వల్ల వచ్చిన తగువు కార్డుతోనే తీర్చాలి! గుడివాడ నుంచి వదిన గుమ్మం దాకా దారిలో ఆగిన ప్రతిచోటా ఏదో ఒకటి సంపాదించి అంటించి, చూసిన మనిషి మాట పడిపోయేంత గొప్ప కార్డు చేస్తానన్నాను. "మాట ఆల్రెడీ పడిపోయిందిగా, ఇప్పుడు రావాలి" అన్నారు మావారు. ఈయన జోకులు ఎప్పుడూ ఇలా అక్కరలేనప్పుడే పేలతాయి.

కారు రోజంతటికీ డీజిలుతో కలిపి మూడువేల ఎనిమిది వందలకి మాట్లాడుకున్నాం. డ్రైవరు ఏసుబాబు గారు యాభై ఏళ్ళ నిదానస్తుడు. తెల్లవారుజామున అయిదున్నరకి గుడివాడలో టీ తాగి బయల్దేరితే ఏడు కాకుండానే బందరు దాటి గిలకలదిండి హార్బరు చేరాం. మచిలీపట్నం అని బోర్డుల మీద ఉంటుంది గానీ, బస్సెక్కేవాళ్ళు బందరనే అడగండి. గుడివాడ నుంచి బస్సులు విరివిగా ఉన్నాయి, గంట పైన పడుతుంది. హార్బరుకి మాత్రం ఏడున్నరలోపే వెళ్ళాలి. బోట్లు దిగుతుంటాయి, వేలంపాట నడుస్తుంటుంది, ఐసు గడ్డలు దడదడా పగులుతుంటాయి, కాళ్ళ కింద నీళ్ళు. నేను చేపల వైపు చూడకుండా వలలు బాగుచేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళాను.

అక్కడ ఒక పెద్దాయన నీలం వల కాలి బొటనవేలికి తగిలించుకుని అల్లుతున్నాడు. పాత వల ముక్క ఒకటి కావాలని అడిగాను.

"ఎందుకమ్మా?"

"శుభలేఖ మీద అంటించడానికండీ."

ఆయన అల్లడం ఆపాడు. "శుభలేఖ మీద వలా? పెళ్ళికొడుకు మావాడేంటి?"

మావారిని చూపించి, పెళ్ళికొడుకు ఈయనే, షష్టిపూర్తి అని చెప్పాను. పెద్దాయన ఆయన్ని కిందనుంచి పైదాకా చూశాడు. "మళ్ళీ పెళ్ళా! అయితే పాతది దేనికమ్మా, గట్టిది తీసుకెళ్ళు. ఈసారి తప్పించుకోకుండా." చుట్టూ ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు, జానెడు ముక్క కోసి ఇచ్చాడు. కారెక్కిన అయిదు నిమిషాలకి ఏసుబాబు గారు అద్దాలు దించారు. "ఎండుచేపలు కొన్నారా మేడమ్?" కొనలేదన్నాను. ఆయన నమ్మలేదు.

బందరులో టిఫిన్ చేసి, తెలిసినవాళ్ళు చెప్పిన ఒక కలంకారీ షెడ్డుకి వెళ్ళాం. పొడవాటి బల్లల మీద గుడ్డ పరిచి, చెక్క అచ్చుల్ని రంగులో ముంచి వరసగా అద్దుకుంటూ పోతున్నారు. ముందుగా అడిగి వెళితే ఎవరైనా చూపిస్తారు, టిక్కెట్టేమీ లేదు, ఒక తువ్వాలో దుప్పటో కొంటే సంతోషిస్తారు. ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన మందపాటి కాగితం తీసి, దీని మీద ఒక నెమలి అచ్చు వేయమని అక్కడి మేస్త్రీని అడిగాను.

"కాగితానికి పట్టదండి. గుడ్డ అయితే ముందు కరక్కాయ నీళ్ళల్లో నానబెడతాం, అప్పుడు నలుపు ఎక్కుద్ది."

"అయితే కాగితాన్ని కూడా నానబెట్టండి."

"వద్దండీ."

"ఇది మామూలు కాగితం కాదండీ, చాలా ఖరీదైంది."

ఆయన మావారి వైపు చూశాడు. మావారు చేతులు కట్టుకుని పైకప్పు చూస్తున్నారు, ముప్పై ఏళ్ళ సంసారం నేర్పిన విద్య అది. నేనే స్వయంగా ముంచాను. పైకి తీస్తే నా ఖరీదైన కాగితం సాంబారులో పడ్డ అప్పడంలా వేలాడింది. మేస్త్రీ పాపం నవ్వలేదు. మూల పడి ఉన్న కోరా గుడ్డ ముక్కలలోంచి నెమలి అచ్చు పడిన ఒకదాన్ని వెతికి తెచ్చి, "ఇది అంటించుకోండమ్మా, ఉతికినా పోదు" అన్నాడు. బుద్ధిగా తీసుకున్నాను. కారు వెనక సీట్లో కూర్చుని కొత్త కాగితం మీద ఆ నెమలిని, దాని కింద వల ముక్కని అంటించాను. లోపల నీలిసిరాతో ముహూర్తం, ఫంక్షన్ హాలు పేరు ముత్యాల్లా రాశాను. చూసుకుంటే నాకే ముచ్చటేసింది.

అరకిలో తొక్కుడు లడ్డూ కొనుక్కుని చల్లపల్లి మీదుగా దివిసీమ దారి పట్టాం. వరి కోతలయిపోయి మినుము చేలు పచ్చగా ఉన్నాయి, కాలవ గట్టు వెంబడి రోడ్డు హాయిగా ఉంది. మోపిదేవిలో గుడి దగ్గర ఆగుదామన్నారు మావారు. "జిగురు ఆరుతోంది, ఇప్పుడు కదిలించకూడదు, బయటినుంచే దణ్ణం పెట్టుకోండి" అన్నాను. అవనిగడ్డలో ఒక మెస్సులో భోజనం చేశాం, మనిషికి నూట ముప్పై, గోంగూర పచ్చడి అడిగినన్నిసార్లు వేశారు. కార్డు ఎండుతుందని బల్ల మీద పెడితే, వడ్డించే ఆవిడ వాసన పట్టి, "ఇక్కడ చేపలు వండమండీ, బయటివి లోపలికి తేకూడదు" అంది. కార్డు కారులోకి వెళ్ళిపోయింది.

కార్డుకి గవ్వలు కావాలని వదిన ఊరి దారి వదిలి, కోడూరు మీదుగా హంసలదీవి దాటి పాలకాయతిప్ప చేరేసరికి రెండున్నర. కృష్ణమ్మ సముద్రంలో కలిసేది ఆ దగ్గర్లోనే. తీరం విశాలంగా, జనం లేకుండా, ఎర్ర పీతలు అడుగు చప్పుడుకే కన్నాల్లోకి పరిగెడుతూ, ఎంతసేపయినా చూడొచ్చు. తిండి, నీళ్ళు వెంట తీసుకెళ్ళండి, అక్కడ దొరుకుతాయని నమ్ముకోకండి. సాయంత్రం పొద్దుపోయేదాకా ఉండనివ్వరు కూడా. నేను ఇసుకలో కూర్చుని చిన్న చిన్న గవ్వలు ఏరి కార్డు అంచులకి అంటిస్తున్నాను. నాలుగోది అంటించేసరికి ఒక్క గాలి విసురు వచ్చింది. కార్డు నా ఒళ్ళోంచి లేచి, పల్టీలు కొట్టుకుంటూ నీళ్ళవైపు పోయింది.

నేను కేక వేసేలోపే మావారు పరిగెత్తారు. మోకాలి నొప్పి అని రైతు బజారుకి కూడా ఆటో ఎక్కే మనిషి! చెప్పులు ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ. పీతలన్నీ పక్కకి తప్పుకున్నాయి. కార్డు అల మీద పడింది, ఆయన దాని మీద పడ్డారు. ఏసుబాబు గారు "సార్! సార్!" అంటూ వెనకాల పరిగెత్తి రెక్క పుచ్చుకుని లేపారు. నడుం దాకా తడిసి, కార్డు రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని వచ్చారు. నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకున్నాను. దగ్గరికొచ్చాక ఆయన మొహం చూసి నవ్వు ఆగిపోయింది.

"అక్క రాకపోతే నేను పీటల మీద కూర్చోలేనే రత్నా" అన్నారు.

మూడేళ్ళలో ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. నాకు సిగ్గేసింది. నెమలి, వల, గవ్వలు అంటూ పొద్దున్నుంచి నా గొప్ప నేను చూసుకుంటున్నాను గానీ, ఈయన ఏం మోస్తున్నారో చూడలేదు.

వెనక్కి అవనిగడ్డ వచ్చి నాగాయలంక రోడ్డు పట్టాం. అయిదింటికి వదిన ఇంటి ముందు కారాగింది. వదిన అరుగు మీద చేట ముందేసుకుని గోంగూర వలుస్తోంది. తల ఎత్తలేదు.

"ఎవరూ? కొరియర్ వాళ్ళా? సంతకం ఎక్కడ పెట్టాలి?"

అన్నయ్యగారు, అంటే వదిన భర్త, లోపల్నుంచి గబగబా రెండు కుర్చీలు తెచ్చి వేసి, ఈ గొడవలో నేను లేను అన్నట్టు మళ్ళీ లోపలికి వెళ్ళిపోయారు. నేను కూర్చోకుండా కార్డు ఇచ్చాను. వదిన రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పి చూసింది. గవ్వలు రెండు రాలి గోంగూరలో పడ్డాయి. ముక్కు దగ్గర పెట్టుకుని దూరం జరిపింది. విప్పింది. ఉప్పునీళ్ళకి సిరా కారిపోయి లోపలంతా నీలం మరకే.

"ఎప్పుడో లేదు, ఎక్కడో లేదు. దీన్ని పట్టుకుని ఎక్కడికి రావాలి?"

చేసేదేముంది, చెప్పాను. "వదినా, ఆదివారం పొద్దున తొమ్మిదింటికి గుడివాడలో మీ తమ్ముడికి షష్టిపూర్తి. మీరూ అన్నయ్యగారూ ముందురోజే వచ్చేయాలి. అప్పుడు కొరియర్‌లో పంపడం నా తప్పే. మీరు లేకపోతే ఆయన పీటల మీద కూర్చోనంటున్నారు."

వదిన గోంగూర పక్కన పెట్టింది. కొంగుతో నుదురు తుడుచుకుని, మొహం కొంచెం పైకెత్తి అలాగే కూర్చుంది. ఎందుకో ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక గబగబా హ్యాండ్‌బ్యాగు అరుగు మీద బోర్లించాను. మూడు రకాల జిగుర్లు, రెండు కత్తెరలు, మెరుపు పొడి, రిబ్బన్లు, లడ్డూ పొట్లం. కుంకుమ లేదు! మోపిదేవిలో ఆగినా కాస్త దొరికేది. మావారు ఆ మాట అనలేదు గానీ నా వైపు చూసిన చూపు అదే.

వదిన లేచి లోపలికి వెళ్ళిపోయింది. అయిపోయింది అనుకున్నాను. మావారు తల వంచుకుని చెప్పుల కోసం వెతుక్కుంటున్నారు. ఇంతలో లోపల బీరువా తలుపు చప్పుడయింది. వదిన బయటికి వచ్చింది. చేతిలో వెండి కుంకుమభరిణ. మూత తీసి నా ముందు పెట్టి, మళ్ళీ తన చోట కూర్చుంది.

"ఊఁ, పెట్టు. పెట్టి, ఇందాకటి మాట మొదటినుంచి చెప్పు. ఇంతింత వయసులొచ్చాయి, పిలవడం కూడా నేనే నేర్పాలి మీకు."

బొట్టు పెట్టబోతే సగం కుంకుమ ఆవిడ ముక్కు మీద పడింది. ఆదివారం, తొమ్మిదింటికి, గుడివాడ అని మొదటినుంచి మళ్ళీ చెప్పాను. అంతా విని, "రవికెల గుడ్డేదీ?" అంది. నేను బిక్కమొహం వేస్తే, కార్డు మీది నెమలి ముక్కని వేలితో తట్టి, "సరేలే, ఇదే అనుకుంటాను" అంది. అప్పుడు తమ్ముడి వైపు తిరిగింది. "ఆ తడి ప్యాంటేవిట్రా? లోపలికెళ్ళి మీ బావ పంచె కట్టుకో, జలుబు చేస్తుంది." మావారు చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. వదినా ఏడ్చింది. ఏసుబాబు గారు కారు తుడుస్తున్నట్టు అటు తిరిగారు.

వదిన శనివారం కాదు, శుక్రవారమే దిగింది, రెండు జాడీల ఊరగాయతో, హాలు వాళ్ళమీద చెయ్యాల్సిన అజమాయిషీతో. ఆ కార్డు మాత్రం తీసుకురాలేదు. వాసన పోయేదాకా పెరట్లో దండెం మీద క్లిప్పు పెట్టి ఆరేసిందట. పెర్త్ వెళ్ళాక గురువారం వాళ్ళకి చూపించడానికి వేరే ఎనిమిది చేశాను, అన్నీ వాసన లేనివే. అన్నిట్లోకీ బాగున్నది ఏదని అడుగుతారు. బాగున్నదాన్ని తేలేదని చెబుతాను. ఇన్నేళ్ళుగా కాగితం మీద ఎంత పని చేస్తే అంత ప్రేమ అనుకున్నాను. వదినకి కావలసింది మాత్రం ఆ ఎండలో, ఆ రోడ్డు మీద, నేను గుమ్మం దాకా రావడం. ఆవిడ మూడేళ్ళూ కోపంతో కూర్చుందనుకున్నాను, నిజానికి ఎదురుచూస్తూ కూర్చుంది.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళకి ఒక సలహా. ఎవరినైనా పిలవడానికి బయల్దేరితే చిన్న కుంకుమభరిణ బ్యాగులో వేసుకోండి. మరిచిపోయినా ఫరవాలేదు, సగం దారిలోంచి తిరిగి రాకండి. అవతలివాళ్ళ ఇంట్లో ఉంటుంది.